పొదుపూ నీతీ: చిన్న కారు ప్రశ్న

కారు కొనదలచిన మధ్యతరగతి మనిషి మొట్టమొదట అడిగే ప్రశ్న, "మైలేజీ ఎంత ఇస్తుంది?" అని. ధర గురించి అడగడం కూడా దాని తర్వాతే. ఈ ప్రశ్నను చూసి నవ్వేవాళ్ళున్నారు. కలవాడు నవ్వుతాడు, అతనికి పెట్రోలు లెక్క అక్కర లేదు గనక. అభ్యుదయ భావాలు గలవాళ్ళలో కొందరు మరో కారణం చేత నవ్వుతారు. కారంటేనే బూర్జువా సరుకు, అందులో తక్కువ పెట్రోలు తాగేది ఏదని విచారించడం పిసినారితనానికి సిద్ధాంతం తొడగడమని వాళ్ళ ఉద్దేశం. ఈ ఇద్దరి నవ్వులోనూ ఒకే లోపం వున్నది. రోజూ నలభై కిలోమీటర్లు పోయి రావలసిన మనిషి అవసరాన్ని ఇద్దరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ప్రశ్న నిజాయితీ గల ప్రశ్న. జీతం మీద బతికేవాడు ఖర్చు లెక్క చూసుకోవటం తప్పు కాదు. కాని ప్రశ్న నిజాయితీ గలదైనంత మాత్రాన చాలినంత ప్రశ్న అయిపోదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదో, ఆగిపోయిన చోట ఏ విషయాలు మరుగున పడుతున్నవో చూడటం అవసరం. తన మేలు చూసుకునే మనిషికి పొదుపు ఒక సుగుణం. అదే సమాజానికి కూడా సుగుణమేనా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. చిన్న కారు ఈ ప్రశ్నను మన ఇంటి గుమ్మంలోకి తెచ్చి పెట్టింది.

ముందు లెక్క సంగతి చూద్దాం. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడిని ఊహించుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు, ఇరవై కిలోమీటర్ల దూరాన ఇబ్రహీంపట్నం దారిలో కాలేజీ. నెలకు ఇరవై అయిదు పనిదినాలనుకుంటే వెయ్యి కిలోమీటర్ల ప్రయాణం. లీటరుకు 16 కిలోమీటర్లు నడిచే కారుకు నెలకు 62.5 లీటర్లు కావాలి. 20 కిలోమీటర్లు నడిచే కారుకు 50 లీటర్లు చాలు. లెక్క సులువు కోసం లీటరు వంద రూపాయలనుకుంటే తేడా నెలకు 1,250 రూపాయలు, ఏడాదికి పదిహేను వేలు. రెండో కారు ధర మొదటి దానికంటె 75,000 ఎక్కువైతే, వడ్డీ మాట వదిలేసినా అయిదేళ్ళ దాకా ఆ పొదుపు పొదుపు కాదు.

ఇంకొక చిత్రం వున్నది. లీటరుకు కిలోమీటర్లు అనే కొలతే మనిషిని కొంత మోసం చేస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు, పది ఇచ్చే కారును వదిలి పదిహేను ఇచ్చేదాన్ని తీసుకుంటే 33 లీటర్లు మిగులుతుంది. ఇరవై ఇచ్చేదాన్ని వదిలి ఇరవై అయిదు ఇచ్చేదాన్ని తీసుకుంటే మిగిలేది 10 లీటర్లే. రెండు చోట్లా పెరిగింది అయిదే, ఫలితం మాత్రం మూడింట ఒకవంతు. చిన్న కార్లలో ఒకదానికీ మరొకదానికీ మధ్య కంపెనీలు చాటించే వ్యత్యాసాలు ఎక్కువగా ఈ రెండో తరగతివే. పైగా ఆ అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని పరుగెత్తించి తీసినవి. ఎల్.బి. నగర్ కూడలిలో ఆగి ఆగి కదిలే బండికి, ఎండాకాలం ఏ.సి. వేసుకున్న బండికి అవి వర్తించవు. ఆగి కదిలిన ప్రతిసారీ బండి బరువునంతా మళ్ళీ వేగానికి తేవాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ శ్రమ వేడిగా మారి వృథా అవుతుంది. కాబట్టి ఊళ్ళో తిరిగే బండికి తేలికగా వుండటమే పెద్ద పొదుపు.

పెట్రోలు ఖర్చులో ఒక భాగం మాత్రమే. ఆరు లక్షలు పెట్టి కొన్న కారు పదేళ్ళ తర్వాత లక్షన్నరకు అమ్ముడుపోయిందనుకుందాం. అంటే ఏడాదికి 45,000 రూపాయలు బండి కదిలినా కదలకపోయినా కరిగిపోతున్నవి. దానికి బ్యాంకు వడ్డీ, భీమా, మరమ్మతులు, టైర్లు కలపాలి. యాభై లీటర్ల కారుకు పెట్రోలు ఖర్చు ఏడాదికి 60,000. మిగతావన్నీ కలిస్తే దాన్ని మించిపోవటం మామూలు. అయినా మన మాటల్లో మైలేజీకి దక్కిన చోటు వడ్డీకి దక్కదు. రోజూ పంపు దగ్గర చెల్లించేది కంటికి కనపడుతుంది; నెలకొకసారి జీతంలోంచి జారిపోయే వాయిదా కంటికి ఆనదు. ఇది ఒక్క కారు విషయమే కాదు, పెట్టుబడిదారీ సమాజంలో మనం చేసే లెక్కలన్నిటి స్వభావమూ ఇదే. చిల్లర దగ్గర జాగ్రత్త, మూలధనం దగ్గర అమాయకత్వం.

ఇంతవరకు చూసింది అధ్యాపకుడి సొంత ఖాతా. ఈ ఖాతాలో రాయని పద్దులు మరికొన్ని వున్నవి. రోజుకు రెండు గంటలు తిరిగే కారు ఇరవై రెండు గంటలు ఎక్కడో ఒకచోట నిలబడి వుండాలి. ఆ చోటు ఇంటి ముందు వీధి, కాలేజీ ఆవరణ, బజారులో కాలిబాట. అరవై, డెబ్బయి కిలోల మనిషిని చేరవేయటానికి ఎనిమిది వందల కిలోల ఇనుమూ ప్లాస్టిక్కూ కదలాలి. కాల్చిన ప్రతి లీటరు పెట్రోలూ దాదాపు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. యాభైమందిని మోసే బస్సు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. ఆ యాభైమందీ ఒక్కొక్కరుగా కార్లలో బయలుదేరితే ఆ బస్సు కదలటానికే చోటుండదు. ఈ పద్దులు కొన్నవాడు చెల్లించడు. బస్సులో నిలబడ్డ ఆయా చెల్లిస్తుంది, రోడ్డు దాటలేక నిలబడిపోయిన ముసలమ్మ చెల్లిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. కార్లు తక్కువ పెట్రోలు తాగేకొద్దీ మొత్తం మీద పెట్రోలు వాడకం తగ్గాలి గదా, కాబట్టి మైలేజీ చూసి కొనటమే సమాజానికి చేసే సేవ కాదా అని. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బొగ్గు గురించి ఈ ప్రశ్ననే పరిశీలించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయటం నేర్చిన కొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. బొగ్గుతో చేసే పని చవక అయ్యేసరికి అంతకు ముందు యంత్రం పెట్టని చోట కూడా యంత్రం పెట్టారు. జెవన్స్ మన పక్షం వాడేమీ కాదు, కాని అతను చూసిన విషయం నిజం. కిలోమీటరు చవక అయినప్పుడు మనిషి కిలోమీటర్లు పెంచుతాడు, ఊరు దూరదూరాలకు పాకుతుంది, కార్ల సంఖ్య పెరుగుతుంది. యంత్రంలోని సామర్థ్యం మంచిదే. ఆ సామర్థ్యపు ఫలితం ఎక్కడికి పోవాలో నిర్ణయించేది యంత్రం కాదు, అది పనిచేసే సమాజం.

అసలు ఆ అధ్యాపకుడికి ఎంపిక ఎంతవరకు వున్నది? షోరూములో నాలుగు కంపెనీల బళ్ళు వరసగా నిలబెట్టి, నచ్చింది తీసుకో అంటారు. కాని అతను గుమ్మం దగ్గరికి రాకముందే ముఖ్యమైన ఎంపిక జరిగిపోయింది. 1951లో మన దేశంలో రిజిస్టరయిన మోటారు వాహనాలు మూడు లక్షల పై చిలుకు. వాటిలో నూటికి పదకొండు బస్సులు. 2011 నాటికి నూటికి బస్సు ఒక్కటే మిగిలింది. ఇది ప్రకృతి ధర్మం చేత జరిగింది కాదు. హైదరాబాదులో 1932లోనే నైజాం రైల్వే కింద 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలయింది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. పల్లెపల్లెకూ బస్సు పోవటం ఒక హక్కుగా జనం భావించిన రోజులున్నవి. అదే ప్రభుత్వ ధనంతో 1981లో కేంద్రం మారుతీ ఉద్యోగ్ సంస్థను స్థాపించింది. జపాను సుజుకీ కంపెనీతో ఒప్పందం చేసుకుని, 1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800ను కొన్నవాడి చేతిలో పెట్టింది. కారు కంపెనీ పెట్టింది ప్రైవేటు పెట్టుబడిదారుడు కాదు, రాజ్యం. 2011 జనాభా లెక్కల్లో కూడా ఇంట్లో కారు గాని జీపు గాని వ్యాను గాని వున్న కుటుంబాలు నూటికి అయిదుకు లోపే. ఆ అయిదుగురి కోసం రోడ్లు వెడల్పయినవి, మిగతా తొంభై అయిదుగురి కాలిబాటలు ఇరుకయినవి.

"ప్రజల కారు" అనే మాట చరిత్ర కూడా గుర్తుంచుకోదగింది. 1938లో హిట్లరు ప్రభుత్వం జర్మను కార్మికులకు 990 మార్కులకే కారిస్తానన్నది. వారానికి అయిదు మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటించాలి, పుస్తకం నిండితే కారు. మూడు లక్షల ముప్ఫైవేల మందికి పైగా ఆ స్టాంపులు కొన్నారు. వారిలో ఒక్కరికి కూడా ఆ ప్రభుత్వం కారు ఇవ్వలేదు. కర్మాగారం సైన్యానికి బళ్ళు తయారు చేసింది. కార్మికుడి పొదుపు అతని మీదికే వచ్చిన యుద్ధంలో కరిగిపోయింది. ప్రజల పేరు పెట్టినంత మాత్రాన వస్తువు ప్రజలది కాదనటానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కర లేదు. అలాగని సోషలిస్టు దేశాలు ఈ ప్రశ్నను దాటిపోయాయని చెప్పుకోవటం కూడా ఆత్మవంచనే. సోవియట్ యూనియన్ 1966లో ఇటలీ ఫియట్ కంపెనీతో ఒప్పందం చేసుకుని, 1970లో తోల్యాత్తిలో చిన్న కార్లు తయారు చేయనారంభించింది. సొంత బండి మీద కోరిక అక్కడా పుట్టింది, దాని కోసం జనం ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డారు.

మన దేశంలో ఇంకా దగ్గరి పాఠం సింగూరు. స్కూటరు మీద వానలో తడుస్తూ పోయే నలుగురి కుటుంబాన్ని చూసి లక్ష రూపాయల కారు ఆలోచన కలిగిందని టాటా సంస్థ అధిపతి చెప్పాడు. ఆ దృశ్యం నిజమైనదే, అందులోని ప్రమాదం నిజమైనదే. కాని ఆ కారు కోసం పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వమే 2006లో 997 ఎకరాలు సేకరించింది, ఇష్టం లేని రైతుల భూమి కూడా అందులో వున్నది. 2008 అక్టోబరులో కంపెనీ గుజరాతుకు తరలిపోయింది. 2011లో ముప్ఫై నాలుగేళ్ళ ప్రభుత్వం ఓడిపోయింది. 2016 ఆగస్టులో సుప్రీం కోర్టు ఆ సేకరణ చెల్లదని, భూమి తిరిగి ఇవ్వమని తీర్పు చెప్పింది. పరిశ్రమలు కావాలా వద్దా అని మనవాళ్ళు చాలా చర్చించారు. ఏ వస్తువు తయారు చేసే పరిశ్రమ, అది ఎవరి అవసరం తీరుస్తుంది, అదే నలుగురి కుటుంబానికి మంచి బస్సు ఎందుకు లేదు అన్న చర్చ తక్కువ. వామపక్షం కూడా పెట్టుబడి వేసిన ప్రశ్నకే సమాధానం వెతికింది.

ఆ కారు చివరకు ఏమయింది? 2009లో మార్కెట్లోకి వచ్చి, 2018లో తయారీ ఆగిపోయింది. యంత్రంలోని లోపాలు కొంత కారణమే. అంతకంటె పెద్ద కారణం, అది దేశంలోకెల్లా చవకయిన కారనే పేరు. చవక కారులో దిగటం కంటె స్కూటరు మీద దిగటమే గౌరవమనుకున్నారు జనం. చవక అనే ముద్ర వేయటం పొరపాటయిందని ఆ సంస్థ అధిపతే తర్వాత ఒప్పుకున్నాడు. దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. మధ్యతరగతి మనిషి నోటితో అడిగేది మైలేజీ, మనసులో అడిగేది మర్యాద. తన కంటె కింద వున్నవాడి నుంచి ఎంత ఎడంగా నిలబెడుతుందన్నది కూడా ఆ బండి చేసే పనిలో భాగమే. ఇటీవలి సంవత్సరాల్లో అమ్ముడవుతున్న ప్రయాణికుల బళ్ళలో సగానికి పైగా ఎత్తయిన, బరువయిన రకాలే కావటం ఈ సంగతిని బలపరుస్తుంది. ఇరుకు వీధుల్లో తిరగటానికి ఎత్తు అవసరమై కాదు, పైనుంచి చూడటం ఇష్టమై.

చవకతనం వెనక మరొక పద్దు వున్నది, అది శ్రమది. 2012 జూలై 18న మానేసర్‌లోని మారుతీ కర్మాగారంలో జరిగిన ఘర్షణలో ఒక అధికారి ప్రాణం పోయింది. ఆ మరణం విచారకరం. కాని ఆ తర్వాత వందలాది కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2017లో పదమూడుమందికి యావజ్జీవ శిక్ష పడింది. ఏళ్ళ తరబడి నిందితులుగా బతికిన 117 మందిని అదే కోర్టు నిర్దోషులని వదిలేసింది. కాంట్రాక్టు కార్మికుల ప్రశ్న, సొంత యూనియన్ ప్రశ్న అంతకు ముందే అక్కడ రగులుతున్నవి. కారు ధర మీద బేరమాడేటప్పుడు ఈ చరిత్ర బల్ల మీద వుండదు.

ఇన్ని చెప్పిన మీదట, కారు కొన్న అధ్యాపకుడు దోషి అనాలా? అనకూడదు. ఎంగెల్స్ 1872లో ఇళ్ళ సమస్య గురించి రాస్తూ, ప్రతి కార్మికుడికీ సొంత కొంప కట్టించి సమస్య తీర్చాలనేవాళ్ళను గట్టిగా విమర్శించాడు. ఆ కొంపే అతన్ని ఒక యజమానికి కట్టిపడేస్తుందన్నాడు. కాని కొంపలో వున్న కార్మికుడిని నిందించలేదు. కారు విషయంలోనూ అంతే. రాత్రి తొమ్మిదింటికి ల్యాబు ముగించుకుని, దీపాలు లేని స్టాపులో నిలబడి, రాని బస్సు కోసం ఎదురు చూసే అధ్యాపకురాలికి బస్సు మహిమ ఉపన్యసించటం క్రూరత్వం. ఆమెకు కారు విలాసం కాదు, భద్రత. ఎవరినీ తోడు బతిమాలకుండా ఇల్లు చేరే స్వేచ్ఛ. నడవలేని తండ్రిని వారం వారం ఆసుపత్రికి తీసుకుపోవలసినవాడి సంగతీ ఇదే. కారు వదిలేయటమే అభ్యుదయానికి గుర్తు అనుకోవటం నీతిని సన్యాసంగా మార్చటం. సన్యాసి కారు వదిలితే ఊరికి ఒక్క బస్సు కూడా అదనంగా రాదు.

దీనికి ఎదురుగా మరొక వాదం వున్నది, చదువుకున్న మనబోటివాళ్ళకు అది మరీ ప్రమాదకరం. తప్పంతా వ్యవస్థది గనక నేనేం కొన్నా ఒకటే అని. సమాజపు పునాది మారకుండా వ్యక్తి చేయగలిగింది లేదనే ఈ మాట వినటానికి మార్క్సిజంలా వుంటుంది, నిజానికి సోమరితనం. వ్యవస్థ బండి కొనేలా చేస్తుందన్నది నిజమే. అవసరానికి రెండింతలు బరువున్న బండిని వ్యవస్థ బలవంతం చేసి అంటగట్టలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా అరవై ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో నూటికి దాదాపు 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్ళు, 19 మంది నడిచిపోయేవాళ్ళు. లోపల కూర్చున్నవాడి రక్షణ కోసం కొన్న బరువు బయటివాడి మీద పడుతుంది. ఎయిర్ బ్యాగులూ, గట్టి చట్రమూ చూసి కొనటం న్యాయమే, వాటికోసం మైలేజీలో రెండు కిలోమీటర్లు వదులుకోవటమూ న్యాయమే. ఆ పేరుతో వీధిలో అందరికంటె బరువయిన బండి నాదే కావాలనటం న్యాయం కాదు.

అయితే కొనే రోజు చేసే ఎంపిక కంటె కొన్న తర్వాత జరిగేది ముఖ్యం. మనిషి జీవించే తీరు అతని ఆలోచనను నిర్ణయిస్తుందని మార్క్స్ చెప్పిన మాట మనం ఇతరుల మీద తరచు ప్రయోగిస్తాం, మన మీద అరుదుగా. నిన్నటి దాకా బస్సు ఆలస్యమైతే ప్రభుత్వాన్ని తిట్టినవాడు, బండి కొన్న నెల రోజులకు దారి ఇవ్వని బస్సు డ్రైవరును తిడతాడు. తోపుడు బండివాడు అడ్డంగా కనబడతాడు. ఫ్లైవోవర్లు అభివృద్ధిగా తోస్తవి. ఏరు దాటిందాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు, దాదాపు 48,000 మంది, సమ్మె చేశారు. అది 52 రోజులు సాగింది. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది వారి ముఖ్యమైన కోరిక. అందులో వారి జీతాలతో పాటు జనం బస్సు భవిష్యత్తు కూడా ఇమిడి వున్నది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. సమ్మె చివరకు కోరిక తీరకుండానే ముగిసింది. మధ్యతరగతిలో చాలా భాగం దాన్ని దూరం నుంచి చూసింది. సొంత బండి వున్నవాడికి బస్సు ఆగిపోవటం పేపరులో వార్త. అలాగే 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. బస్సులు కిక్కిరిసిపోతున్నాయని విసుక్కున్నవాళ్ళు, ఇంతకాలం ఆ స్త్రీలు ఎలా తిరిగారో, తిరగలేక ఏం పోగొట్టుకున్నారో ఆలోచించినట్టు లేదు. రద్దీకి సమాధానం మరిన్ని బస్సులు. ఆ మాట గట్టిగా అడగగల నోరున్న వర్గం బస్సు దిగిపోయి కూర్చున్నది. చిన్న కారు చేసే అసలు నష్టం ఇదే. పొగ కంటె, పెట్రోలు కంటె పెద్ద నష్టం, అడగగలిగినవాడిని అడగనక్కర లేని చోట కూర్చోబెట్టటం.

కాబట్టి అధ్యాపకుడికి ఇవ్వగల సమాధానం ఏమిటి? అవసరం నిజంగా వున్నదా అని మొదట లెక్క వేసుకో. వుంటే ఆ అవసరానికి సరిపోయేంత చిన్నదీ, తేలికయినదీ, ప్రమాద పరీక్షలో నిలిచినదీ తీసుకో. ఒకటి రెండు కిలోమీటర్ల మైలేజీ కోసం వేల రూపాయల అదనపు వడ్డీకి తల వంచకు. అదే దారిన పోయే సహోద్యోగులను ఎక్కించుకో. నలుగురు కూర్చున్న కారు ఒక్కడు కూర్చున్న కారు కంటె మనిషికి నాలుగింట ఒకవంతు ఇంధనమే వాడుతుంది, ఏ కంపెనీ చూపగల మైలేజీ కూడా దీనికి సాటి రాదు. ఇవన్నీ అయ్యాక కూడా నెలకు కొన్ని రోజులు బస్సెక్కు. ప్రాయశ్చిత్తం కోసం కాదు. బస్సు ఎలా వున్నదో తెలియనివాడు బస్సు కోసం పోరాడలేడు గనక.

ఆ పోరాటం కళాశాలలోనే మొదలు కావచ్చు. వేల మంది విద్యార్థులు పోయే దారిలో ఉదయం ఎన్ని బస్సులు నడుస్తున్నవో, ఎన్ని కావాలో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి లెక్క కట్టి డిపో ముందు పెట్టవచ్చు. స్టాపులో దీపం కావాలని, కాలిబాట కావాలని అడగవచ్చు. మైలేజీ లెక్క అంత శ్రద్ధగా వేయగల మనిషికి ఈ లెక్క కష్టం కాదు. ఇంతవరకు అతను దాన్ని తన లెక్క అనుకోలేదు, అంతే.